తప్పిన ప్రవచనం ఖరీదు ఎవరు కడుతున్నారు?

ప్రశ్న: అయ్యా, మాది నర్సంపేట దగ్గరి పల్లె. నేను ప్రభుత్వ బడిలో టీచరును. మా అత్తగారివాళ్ళు తరతరాలుగా పాత మిషను సంఘంలో ఉన్నవారు. మూడేళ్ళ క్రితం నేను, మా ఆయన హనుమకొండలో ఒక ఫంక్షన్ హాలులో జరిగే ఆత్మీయ కూటాలకు వెళ్ళడం మొదలుపెట్టాం. మొదటి రోజు గుమ్మం దగ్గర ప్రార్థన మనవి చీటీ రాసి ఇచ్చి లోపల కూర్చున్నాం. నెలకొకసారి వచ్చే దైవజనుడు నన్ను లేపి, "నీ ఇంట్లో ఇనుప బీరువా ఉంది, అందులో భూమి కాగితాలున్నాయి, వాటి మీద ఒక చిక్కు ఉంది, ప్రభువు దాన్ని విప్పుతున్నాడు" అన్నారు. ఐదు నెలలకు మా పాసు పుస్తకంలో తప్పిపోయిన ఇరవై గుంటలు మళ్ళీ ఎక్కాయి. అప్పటి నుంచి ఆయన మాట కాదనలేకపోయాను. నిరుడు, మా బిడ్డకు ఈ యేడే ఎంబీబీఎస్ సీటు వస్తుందని ప్రవచించి, లక్ష రూపాయలు విత్తన కానుకగా ఇమ్మన్నారు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఇచ్చాం. సీటు రాలేదు. అడిగితే "మీ ఇంట్లో అవిశ్వాసం ఉంది" అన్నారు. ఆ మాట పాత సంఘం విడిచి రాని మా అత్తమ్మ గురించి. ఆమెకు పదిహేనేళ్ళుగా చక్కెర వ్యాధి, రోజూ ఇన్సులిన్ తీసుకుంటుంది. ఇప్పుడు 21 రోజులు ఇన్సులిన్ ఆపి ఆమెను ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టమంటున్నారు. మా ఆయన ఆ సంఘం మానేద్దామంటున్నారు. "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" అని వాక్యం ఉంది కదా, ప్రశ్నిస్తే పరిశుద్ధాత్మకు విరోధమైన పాపం అవుతుందేమోనని నా భయం. మొదటి మాట నెరవేరిన మనిషి అబద్ధ ప్రవక్త ఎట్లా అవుతారు?

సమాధానం: సహోదరీ, మీరు మాటల మధ్యలో చెప్పి దాటిపోయిన ఇన్సులిన్ సంగతికే నేను ముందుగా జవాబు ఇవ్వాలి. మీ అత్తమ్మకు ఇన్సులిన్ ఒక్క పూట కూడా ఆపకండి. ఈపాటికే ఆపి ఉంటే ఇది చదవడం పక్కన పెట్టి ఆమెను వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. ఏళ్ళ తరబడి ఇన్సులిన్ మీద ఉన్న మనిషికి అది ఒక్కసారిగా ఆగిపోతే రక్తంలో చక్కెర అదుపు తప్పి, విపరీతమైన దాహం, నీరసం, వాంతులు, ఆయాసం మొదలై, కొద్ది రోజుల్లోనే స్పృహ తప్పి ప్రాణం మీదికి రావచ్చు. అది 21 రోజుల గడువు చూసుకొని ఆగదు. ఇన్సులిన్ తీసుకుంటూ తిండి మానేయడమూ ప్రమాదమే, అప్పుడు చక్కెర ఉన్నట్టుండి పడిపోతుంది. కనుక ఆమె తనంతట తాను ఉపవాసం ఉండాలనుకున్నా అది డాక్టరును అడిగి చేయవలసిన పనే తప్ప, ఎవరో మైకులో చెప్పారని చేయవలసినది కాదు.

మందు మానడమే విశ్వాసమని చెప్పేవారికి బైబిలులోని ప్రవక్తలు తోడు రారు. హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో పడి ఉన్నప్పుడు యెషయా ప్రవక్త ఆయన బాగుపడతాడని, ఆయుష్షు మరి 15 సంవత్సరాలు పెరుగుతుందని దేవుని మాటగా చెప్పి, ఆ నోటితోనే అంజూరపు పండ్ల ముద్ద తెమ్మని ఆయన కురుపు మీద పెట్టించాడు. రెండవ రాజుల గ్రంథం 20వ అధ్యాయంలో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. అంత గట్టి మాట అందుకున్న ప్రవక్తకు కూడా కురుపుకు మందు వేయించడం అవిశ్వాసంగా కనిపించలేదు. మన నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి నడిపిన డాక్టర్ ఇసబెల్ కెర్ వంటి మిషనరీలకూ ప్రార్థనకు, వైద్యానికి మధ్య తగవు కనిపించలేదు.

ఇక మీ భయం సంగతి. మీరు చెప్పిన వాక్యం 105వ కీర్తనలో 15వ వచనం. దాని ముందున్న ఆరేడు వచనాలు కూడా కలిపి చదవండి. అక్కడ అభిషిక్తులన్న మాట అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించి. వారు కొద్దిమందిగా, పరదేశులుగా, ఒక రాజ్యం నుంచి మరొక రాజ్యానికి తిరుగుతున్న కాలంలో, బలవంతులైన రాజులు వారిని హింసించకుండా దేవుడు ఆ రాజులను గద్దించిన సందర్భం అది. నిలువ నీడ లేనివారికి రక్షణగా పలికిన మాటను, వేదిక మీద సోఫాలో కూర్చున్నవారు కింద చాప మీద కూర్చున్నవారి నోరు మూయడానికి వాడటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. సౌలు రాజు మీద చేయి వేయనని దావీదు అన్నాడు కదా అని కొందరు అడుగుతారు. నిజమే, అన్నాడు. కాని అదే దావీదు సౌలు వస్త్రపు చెంగు కోసి, గుహ బయటికి వచ్చి, ఆ ముక్క ఎత్తి చూపి, నీవు నాకు చేస్తున్నది అన్యాయమని రాజు సైన్యం వినేటట్లు చెప్పాడు. ఆయన చేతిని ఆపుకున్నాడు, నోటిని కాదు.

పరిశుద్ధాత్మకు విరోధమైన పాపం గురించి యేసు హెచ్చరించినది, కళ్ళ ముందు జరిగిన మేలును చూసి కూడా అది దయ్యాల అధిపతి పని అని ప్రచారం చేసినవారిని. "అయ్యా, మీరు చెప్పినది జరగలేదు, ఎందుకు?" అని అడగడానికి, దానికి పోలికే లేదు. పైగా అడగడం మీకు ఇచ్చిన అనుమతి మాత్రమే కాదు, అప్పగించిన పని. కొరింథులోని సంఘం మనం ఇప్పుడు కరిజ్మాటిక్ అంటున్న తరహా సంఘమే, అన్యభాషలు, ప్రవచనాలు పొంగి పొర్లిన చోటు. ఆ సంఘానికే పౌలు, "ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాటలాడవచ్చును, తక్కినవారు వివేచింపవలెను" అని రాశాడు. తక్కినవారంటే మీరు, మీ ఆయన, వెనక వరుసలో కూర్చున్న మీ అత్తమ్మ లాంటివారు. ఆత్మ వరాల జాబితాలో ప్రవచనం పక్కనే ఆత్మల వివేచన కూడా ఉంది. థెస్సలొనీక సంఘానికి ప్రవచనాన్ని నిర్లక్ష్యం చేయవద్దని చెప్పిన వెంటనే సమస్తాన్ని పరీక్షించమని చెప్పాడు. సిలువ తరువాత ఇరవై ఏళ్ళు తిరిగీ తిరగకముందే రాసిన ఉత్తరం అది. అంటే ప్రవచనంతో పాటే దాన్ని పరీక్షించవలసిన అవసరం కూడా సంఘంలో మొదటి నుంచీ ఉన్నది.

నేను ఈ వరాలను ఎగతాళి చేసే పక్షం వాణ్ణి కాను. 1905లో కేడ్గావ్‌లో పండిత రమాబాయి ముక్తి సదనంలో, 1906లో లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధిలో విలియం సీమోర్ నడిపిన ప్రార్థనల్లో మొదలైన ఉజ్జీవ ధార లోకమంతా ఎందరికి ఆదరణ ఇచ్చిందో నాకు తెలుసు. అందుకే దాన్ని కల్తీ చేసేవారి మీద నాకు మరింత కోపం.

ఇప్పుడు బీరువా దగ్గరికి వద్దాం, ఎందుకంటే మీ మెడకు పడిన మొదటి ముడి అదే. ఆయన చెప్పిన మూడు మాటలను విడదీసి చూడండి. ఇంట్లో ఇనుప బీరువా ఉంది: నర్సంపేట, పరకాల, ములుగు, జమ్మికుంట ఎటు పోయినా పెళ్ళిలో బీరువా పెట్టని ఇల్లు ఎన్ని? అందులో భూమి కాగితాలున్నాయి: మరెక్కడ పెడతారు? వాటి మీద చిక్కు ఉంది: 2020 అక్టోబరులో ధరణి భూరికార్డుల పోర్టల్ వచ్చినప్పటి నుంచి 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చే దాకా, ఆ తరువాత కూడా, గుంటలు తప్పిపోయిన పాసు పుస్తకం, నిషేధిత జాబితాలో పడిన సర్వే నంబరు, తాత పేరు మీదనే ఉండిపోయిన పట్టా గురించి మాట్లాడుకోని ఊరు మన వైపు ఉందా? పల్లె నుంచి వచ్చిన రైతు కుటుంబాన్ని లేపి భూమి కాగితాల్లో చిక్కు ఉందనడం, గోదావరిఖనిలో ఒక ఇంటి ముందు నిలబడి మీ వాళ్ళలో ఒకరు బొగ్గు బాయిలో పనిచేశారని చెప్పడం లాంటిది.

ఇది కాక మీరే రాసిన ఒక వాక్యం ఉంది. గుమ్మం దగ్గర ప్రార్థన మనవి చీటీ రాసి ఇచ్చామన్నారు. అందులో ఏమి రాశారో గుర్తు చేసుకోండి. ఆయన ఆ చీటీ చూసి చెప్పారని నేను అనడం లేదు, నేను ఆ హాలులో లేను. అయితే అట్లా జరగడం కొత్త కాదు. అమెరికాలో పీటర్ పాపాఫ్ అనే స్వస్థత బోధకుడు జనంలో నుంచి ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలిచి, వారి చిరునామా, రోగం చెప్పి అబ్బురపరిచేవాడు. 1986లో జేమ్స్ రాండీ అనే ఇంద్రజాలికుని బృందం రేడియో స్కానరుతో కూటానికి వెళ్ళి పట్టుకున్నది ఏమిటంటే, ఆయన చెవిలో చిన్న యంత్రం, అందులో భార్య గొంతు. జనం కూటానికి ముందు నింపి ఇచ్చిన ప్రార్థన కార్డుల్లోని వివరాలను ఆమె 39.17 మెగాహెర్ట్జ్ మీద ఆయనకు చదివి వినిపిస్తున్నది. ఆ టేపును టెలివిజనులో వేశారు, మరుసటి ఏడాది ఆయన దివాలా తీసినట్లు ప్రకటించుకున్నాడు. ఈ రోజుల్లో చెవిలో యంత్రం కూడా అక్కరలేదు. వాట్సాప్ గ్రూపులో మనమే అన్నీ రాసి పెడుతున్నాం.

ఆ ఐదు నెలల్లో మీ ఆయన తహసీల్దారు కార్యాలయానికి ఎన్నిసార్లు తిరిగారో కూడా ఒకసారి లెక్కపెట్టండి. ప్రభువు ఆ చిక్కు విప్పాడని మీరు కృతజ్ఞతలు చెల్లిస్తే నేను ఆమేన్ అంటాను. ఆయన దాన్ని మీ ఆయన కాళ్ళతో విప్పించాడని కూడా అంటాను.

సరే, ఏ తంత్రమూ లేకుండా ఆ మాట నిజంగానే తెలిసి చెప్పారనుకుందాం. అప్పటికీ మీ ప్రశ్నకు జవాబు మారదు. ఫిలిప్పీ పట్టణంలో ఒక దాసి పౌలు వెంట పడి, ఈ మనుషులు సర్వోన్నతుడైన దేవుని దాసులు, రక్షణ మార్గం చెబుతున్నారు అని చాలా రోజులు కేకలు వేసింది. అందులో అక్షరం కూడా అబద్ధం లేదు. అయినా పౌలు సంతోషించలేదు, ఆమెలోని ఆత్మను వెళ్ళగొట్టాడు. మన తెలుగు బైబిలు ఆమెను గురించి చెబుతూ, సోదె చెప్పి తన యజమానులకు బహు లాభం సంపాదించేదని రాసింది. మాట నిజం కావచ్చు, లాభం ఎవరి సంచిలో పడుతున్నదో కూడా చూడాలి.

సోదె అనే మాట ఎత్తాను కనుక ఇంకొకటి చెప్పాలి. మీకా 3వ అధ్యాయంలో "ప్రవక్తలు ద్రవ్యము కొరకు సోదె చెప్పుదురు" అని ఉంది. అనువాదకులు మన ఊళ్ళ మాటనే ఏరుకొని పెట్టారు. నా చిన్నప్పుడు మా వాడకు సోదె చెప్పే ఎరుకల ఆమె వచ్చేది. మా నాయనమ్మ క్రైస్తవురాలు కనుక చెప్పించుకునేది కాదు గాని ఆకలితో పంపేది కాదు. ఆమె అడిగేది చాటెడు బియ్యం, ఒక పాత చీర. చెప్పింది జరగలేదని ఎవరైనా అంటే నవ్వేసి ఇంకో ఇంటికి పోయేది. లక్ష రూపాయలు అప్పు తెమ్మని గాని, ఇంట్లో ముసలమ్మ మందు మానెయ్యమని గాని ఆమె ఏనాడూ అనలేదు.

కానుక విషయంలో తొలి క్రైస్తవులు ఎంత కచ్చితంగా ఉండేవారో చెప్పే ఒక పాత పుస్తకం ఉంది, దాని పేరు దిదాకే. బహుశా మొదటి శతాబ్దం చివరిలోనో రెండవ శతాబ్దం మొదట్లోనో పుట్టినది. దాని పూర్తి ప్రతి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో బయటపడి 1883లో అచ్చయింది. ఊరూరా తిరిగే ప్రవక్తలతో ఎట్లా మెలగాలో అందులో ఉంది. ఆత్మలో ఉన్నానంటూ నాకు డబ్బు ఇవ్వండి అని ఎవరైనా అంటే అతని మాట వినకండి, లేమిలో ఉన్న ఇతరుల కోసం ఇమ్మంటే అతనికి తీర్పు తీర్చకండి అంటుంది. ఆత్మలో ఉండి భోజనం పెట్టమని చెప్పిన ప్రవక్త తానే ఆ భోజనం తింటే అతడు అబద్ధికుడట. చదువుతుంటే ఆ సంఘాల్లో ఎవరో తెలివైన ఇల్లాలు పక్కన కూర్చొని రాయించినట్లుంటుంది.

అపొస్తలుల కాలపు ప్రవక్త అగబు చెప్పిన ప్రవచనం ఈ కొలతకు సరిగ్గా సరిపోతుంది. లోకమంతటా గొప్ప కరవు రాబోతున్నదని అతడు ముందుగా చెప్పినప్పుడు, అంతియొకయ శిష్యులు ఎవరి శక్తి కొలది వారు సొమ్ము పోగుచేసి యూదయలోని సహోదరులకు బర్నబా, సౌలు అనే పౌలుల చేత పంపారు. అగబు చేతికి ఎంత ముట్టిందో అపొస్తలుల కార్యములలో ఎక్కడా లేదు. మీ బిడ్డ ప్రవచనంలో లక్ష రూపాయలు ఎటు వెళ్ళాయి? రసీదు ఉందా? ఎంబీబీఎస్ సీటు అన్నది వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగులో నీట్ ర్యాంకును, రిజర్వేషన్ కోటాను బట్టి కేటాయించేది; మీ బిడ్డకు సీటు వస్తే, ర్యాంకుల వరుసలో ఆ సీటు ఎవరికి రావలసి ఉండెనో ఆ పిల్లకు పోతుంది. లక్ష రూపాయలు తీసుకొని ఆ వరుస మార్చే దేవుణ్ణి నేను బైబిలులో చూడలేదు.

నేను ఇంతసేపూ చుట్టూ తిరుగుతున్నది ఒక్క ప్రశ్న చుట్టూనే: ప్రవచనం తప్పినప్పుడు దాని ఖరీదు ఎవరు కడుతున్నారు? మోషే ధర్మశాస్త్రంలో ఆ ఖరీదు ప్రవక్తదే. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం ప్రకారం, దేవుడు చెప్పనిది దేవుని పేరు మీద చెప్పినవాడికి మరణశిక్ష; విన్నవారికి చెప్పినది మాత్రం, అతడు అహంకారం చేత మాట్లాడాడు, భయపడవద్దు అని. మీ ఇంట్లో ఇది తలకిందులైంది. చెప్పిన ఆయనకు ఏమీ కాలేదు, వచ్చే నెల మళ్ళీ వస్తారు, మళ్ళీ మైకు పట్టుకుంటారు. మీరు నెలకు 2,000 చొప్పున ఏడాదికి 24,000 రూపాయలు వడ్డీ కడుతున్నారు. మీ బిడ్డ తన సీటు నాయనమ్మ వల్ల పోయిందని నమ్ముతూ ఆమె ముఖం చూడలేకపోతూ ఉండవచ్చు. ఇప్పుడు ఆ ముసలామె తన శరీరంతో కట్టమంటున్నారు. అబద్ధ ప్రవచనానికి ఇంతకంటే పెద్ద గుర్తు నాకు తెలియదు.

"ప్రవచనాలకు షరతులుంటాయి, యోనా ప్రవక్త చెప్పినట్లు నీనెవె పట్టణం నలభై దినాల్లో నాశనం కాలేదు కదా" అని వారు అనవచ్చు. షరతు ఉంటుంది, నిజమే. కాని నీనెవెలో తప్పింది కీడు. పశ్చాత్తాపపడితే కీడు తప్పుతుందన్న ఆశతోనే ఆ రాజు బూడిదలో కూర్చున్నాడు. మీకు మేలు చెప్పి, డబ్బు తీసుకొని, అది రాకపోయాక ఇంట్లో అవిశ్వాసం లేకుండా ఉంటేనే అన్న షరతును తరువాత కలిపారు. మార్కెట్‌లో పత్తి కాంటా వేసి, ధర ఖాయం చేసి, లోడు దిగిన తరువాత తేమ పేరు చెప్పి కోత పెట్టే వ్యాపారిని మీ ఆయన ఏమంటారో అడగండి.

ప్రవచనం తప్పిన ప్రతివాడూ అబద్ధ ప్రవక్త కాడు, ఈ మాట నేను జాగ్రత్తగా అంటున్నాను, ఎందుకంటే తప్పినవారిలో నేనూ ఒకడిని. 1980ల చివరిలో, నాకు ఇరవై ఏడేళ్ళప్పుడు, పరకాల వైపు ఒక పల్లెలో ఉపవాస కూటానికి వెళ్ళాను. ఒక తల్లి పచ్చకామెర్లతో ఉన్న ఆరేళ్ళ కొడుకును ఒడిలో పడుకోబెట్టుకొని కూర్చుంది. వాడి కాళ్ళు గోనెసంచి మీదికి వేలాడుతున్నాయి. ప్రార్థన చేస్తుంటే నా గుండెలో వేడి పుట్టింది, చేతులు వణికాయి, "ఈ బిడ్డ బ్రతుకుతాడని ప్రభువు సెలవిస్తున్నాడు" అన్నాను. కూటమంతా స్తోత్రం చెప్పింది. పదకొండో రోజు పిల్లవాడు చనిపోయాడు. నేను నెల రోజులు ఆ ఊరి వైపు పోలేదు. చివరికి మా సంఘ పెద్ద ఒకాయన నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకొని ఆ ఇంటికి తీసుకుపోయాడు. ఆమె తిట్టలేదు. "అయ్యా, మీరు అట్ల చెప్పకపోయినా నేను ప్రార్థన చేసేదాన్నే. మీరు చెప్పిన్రని మా ఆయన్ని వాణ్ణి వరంగల్ తీస్కపోనియ్యలే" అంది.

ఆ రోజు నాలో పుట్టిన వేడి ఏమిటో చాలా కాలం ఆలోచించాను. అది నా జాలి. నా జాలికి నేను ప్రభువు పేరు పెట్టాను. యెహెజ్కేలు 13వ అధ్యాయంలో తమ సొంత ఆత్మను అనుసరించే ప్రవక్తలు అన్న మాట చదివినప్పుడల్లా నాకు ఆ గోనెసంచి గుర్తుకొస్తుంది. తరువాతి ఆదివారం ఆ ఊరి సంఘం ముందు నిలబడి, నేను చెప్పినది ప్రభువు మాట కాదు, నా మాట అని చెప్పుకున్నాను. అది గొప్ప పని అని చెప్పడం లేదు, ఆ పిల్లవాడు దానివల్ల తిరిగి రాలేదు. కాని తప్పిపోయిన ప్రవక్తకు, అబద్ధ ప్రవక్తకు మధ్య నాకు కనిపించే తేడా అక్కడే ఉంది. 2020 ఎన్నికల్లో డొనాల్డ్ ట్రంప్ మళ్ళీ గెలుస్తాడని అమెరికాలో చాలామంది కరిజ్మాటిక్ ప్రవక్తలు ప్రకటించారు. వారిలో జెరెమయా జాన్సన్ అనే ఆయన 2021 జనవరిలో నేను పొరబడ్డానని బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. అందుకు తన అనుచరుల నుంచే తిట్లు, బెదిరింపులు వచ్చాయని చెప్పుకున్నాడు. ఆ ఏప్రిల్‌లో ఆ ధారకే చెందిన కొందరు నాయకులు ఒక ప్రకటన చేసి, బహిరంగంగా చెప్పిన ప్రవచనం తప్పితే చెప్పినవారు బహిరంగంగానే బాధ్యత వహించాలన్నారు. ఇది బయటివారు పెట్టిన షరతు కాదు.

మొదటి రాజుల గ్రంథం 13వ అధ్యాయాన్ని మీరు, మీ ఆయన కలిసి ఒక రాత్రి నిదానంగా చదవండి. యూదా నుంచి ఒక దైవజనుడు బేతేలుకు వస్తాడు. అక్కడ తినవద్దు, తాగవద్దు, వచ్చిన దారిన తిరిగి వెళ్ళవద్దు అని దేవుడు అతనికి స్పష్టంగా చెప్పాడు. రాజు భోజనానికి పిలిస్తే నిరాకరించగలిగాడు. తరువాత బేతేలులో ఉండే ఒక ముసలి ప్రవక్త గాడిద మీద వెంబడించి వచ్చి, నేనూ నీలాంటి ప్రవక్తనే, నిన్ను ఇంటికి తీసుకురమ్మని దేవదూత నాతో చెప్పాడు అంటాడు. అతడు అబద్ధమాడాడని గ్రంథమే అక్కడ చెబుతుంది. రాజుకు లొంగని ఆ మనిషి ప్రవక్త అన్న మాటకు లొంగిపోతాడు. తిని, తాగి బయలుదేరితే దారిలో సింహం చంపుతుంది. ఆ సింహం శవాన్ని తినదు, గాడిదను చీల్చదు, ఊరికే పక్కన నిలబడి ఉంటుంది. అబద్ధమాడిన ముసలివాడు మాత్రం క్షేమంగా వెళ్ళి శవాన్ని తెచ్చి, అయ్యో సహోదరుడా అని ఏడ్చి తన సమాధిలోనే పాతిపెడతాడు. నాకు ఈ కథ మొత్తంలో భయం పుట్టించేది సింహం కాదు, ఆ ఏడుపు. అబద్ధం చెప్పినవాడు చివర్లో ప్రేమగా కూడా ఉండగలడు.

మీ ఇంటికి ఇందులో సూటిగా తగిలే సంగతి ఒకటి ఉంది. తల్లిదండ్రులను సన్మానించమని, నరహత్య చేయవద్దని మీకు ముందే స్పష్టంగా చెప్పి ఉంది. వాటిని దాటించే మాట దేవదూత చెప్పాడని వచ్చినా చెల్లదు. ఆయన బీరువా గురించి చెప్పగలిగారా లేదా అన్న చర్చ అక్కడ అవసరమే పడదు.

ఇక చేయవలసిన పనులు. ఒక నోటు పుస్తకంలో ఆయన మీకు చెప్పిన ప్రతి మాటనూ, మీకు గుర్తున్నంతవరకు ఆయన మాటల్లోనే, తేదీ వేసి రాయండి. ఎదురుగా ఏమి జరిగిందో, ఎంత ఇచ్చారో రాయండి. లైవ్ వీడియోలను నమ్ముకోకండి, తప్పిన మాటలు తరువాత వాటిలో నుంచి మాయం కావడం నేను చూశాను. తరువాత ఆ సంఘ కాపరి దగ్గరికి మీ ఆయనతో పాటు, ఇరుపక్షాలూ గౌరవించే పెద్ద మనిషి ఒకరిని వెంటబెట్టుకొని వెళ్ళండి. పెద్ద మీద దోషారోపణ ఇద్దరు ముగ్గురు సాక్షులుంటేనే తీసుకోవాలని తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఉంది, అది వారికీ మీకూ కూడా రక్షణ. ఒంటరిగా వెళ్ళకండి, కౌన్సెలింగు గదిలో ఒంటరిగా కూర్చోకండి. అక్కడ, సీటు వస్తుందని చెప్పిన మాట తప్పిందని దైవజనుడు సంఘం ముందు ఒప్పుకుంటారా, ఆ లక్ష తిరిగి ఇస్తారా, ఇన్సులిన్ ఆపమన్న మాటను వెనక్కి తీసుకుంటారా అని వినయంగా అడగండి, వాదించకండి. జవాబు కోసం కాదు, జవాబు ఇచ్చే తీరు కోసం వినండి.

ఒప్పుకుంటే మీరు ఆ సంఘంలో ఉండాలా వద్దా అన్నది నెమ్మదిగా ఆలోచించుకోవచ్చు. శపిస్తే, మీ ఇంటి మీదికి కీడు వస్తుందని బెదిరిస్తే, మీ ఆయన చెప్పినట్లు వచ్చేయండి. హేతువు లేని శాపం ఎగిరే పిచ్చుక లాంటిది, వాలదు అని సామెతల గ్రంథం 26వ అధ్యాయం. రోగాలకు మహిమ గల చికిత్సలంటూ ప్రకటనలు చేయడాన్ని నిషేధించే చట్టం 1954 నుంచి ఉంది, మోసగించి సొమ్ము తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను కిందికి వస్తుంది. మీ డబ్బు సంగతి పోలీసుల దాకా తీసుకెళ్ళాలా అన్నది వకీలును అడిగి మీరిద్దరూ నిర్ణయించుకోండి. మందు ఆపమని ఇంకొకరి ఇంట్లో కూడా చెబుతున్నారని తెలిస్తే మాత్రం ఊరుకోవద్దు.

వీటన్నిటికంటే ముందు ఈ రాత్రే చేయగలిగినవి రెండు ఉన్నాయి. మీ బిడ్డను కూర్చోబెట్టుకొని, నీ సీటు నాయనమ్మ వల్ల పోలేదమ్మా, నేను నమ్మకూడని మాట నమ్మాను అని చెప్పండి. వచ్చే ఏడాది మళ్ళీ నీట్ రాస్తుందా, మరొక కోర్సులో చేరుతుందా అన్నది ఆమెతో, ఆమెకు చదువు చెప్పినవారితో మాట్లాడి తేల్చండి. తరువాత మీ అత్తమ్మ దగ్గరికి వెళ్ళండి. ఆమెకు ఈ సంగతులన్నీ తెలిసే ఉంటాయి, ఇంట్లో తన గురించి ఏమి అనుకుంటున్నారో ముసలివాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఈ ఆదివారం ఆమెను ఆమె సంఘానికి మీరే తీసుకువెళ్ళి, ఆరాధన అయ్యే దాకా పక్కన కూర్చోండి.

కాపరిని కలిసిన తరువాత ఏమన్నారో నాకు రాయండి. మీ అత్తమ్మ చక్కెర పరీక్ష ఎంత వచ్చిందో కూడా ఆ ఉత్తరంలోనే రాయండి.